రైలుపెట్టెలో అపరిచితులు: రెండు కథల పఠనం

మన దేశంలో రైలు నడవక పూర్వం దూరప్రయాణమంటే తనవారితో కలిసి చేసే ప్రయాణమే. 1830–31 సంవత్సరాలలో ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణం నుండి తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా కాశీకి వెళ్లినప్పుడు సుమారు నూరుమంది పరివారం ఆయన వెంట నడిచినది. ఒక చిన్న ఊరే ఆయనతోపాటు కదిలినదని చెప్పవచ్చు. దారిలో కొత్తవారు ఎందరు తారసపడినా, ఆయన విడిదిలో ఉండేవారు మాత్రం ఆయన మనుషులే.

రైలు వచ్చి ఈ పద్ధతిని తారుమారు చేసినది. టిక్కెట్టు కొన్న ప్రతివాడికీ బల్లమీద చోటు ఇవ్వక తప్పలేదు. పక్కన కూర్చున్నవాడి ఊరు తెలియదు, కులం తెలియదు, మంచిచెడ్డలు అసలే తెలియవు. మూడు నాలుగు గంటలసేపు మోకాళ్లు తగిలేటంత దగ్గరగా కూర్చుని, తమ స్టేషను రాగానే దిగిపోయి, ఆ తరువాత జన్మలో మరి కనిపించని మనుషులను రైలు ఒకచోట చేర్చినది. చిన్నకథకు ఇంతకన్న అనువైన చోటు దొరకడం కష్టం. నవలకు బంధుత్వాలు కావాలి, సంవత్సరాలు కావాలి. కథకు నాలుగు గోడల పెట్టె, ఇద్దరు మనుషులు, దిగవలసిన ఒక స్టేషను ఉంటే చాలును.

అటువంటి కథలు రెండింటిని ఈనాడు పరిశీలిద్దాము. ఒకటి మన పాలగుమ్మి పద్మరాజుగారి ‘గాలివాన’. రెండవది జపాను రచయిత అకుతగావా ర్యూనోసుకే వ్రాసిన ‘మికాన్’. ఆ మాటకు కమలాపండ్లని అర్థం. ఈ రెంటినీ ముఖ్యంగా చిప్పగిరి, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల యువతీయువకులను మనసులో ఉంచుకొని చదువుదాము. దానికి కారణమున్నది.

కర్నూలు జిల్లా పశ్చిమపు అంచున, గుంతకల్లుకు కూతవేటు దూరంలో ఉన్న ఊరు చిప్పగిరి. మద్రాసు నుండి వచ్చిన ఇనుపదారి గుంతకల్లు, ఆదోనిల మీదుగా రాయచూరు చేరి, బొంబాయి నుండి దిగివచ్చిన దారిని 1871లో కలుసుకొన్నది. నూటయాభై ఏళ్లకు పైగా ఈ నల్లరేగడి చేల పక్కనుండి రెండు మహానగరాల మధ్య బండ్లు పరుగెత్తుతున్నవి. గుంతకల్లు జంక్షనులో నిలుచుంటే బళ్ళారి వైపు, బెంగుళూరు వైపు, నంద్యాల మీదుగా గుంటూరు వైపు దారులు చీలుతూ కనిపిస్తవి. వాన తప్పిన ఏడు సుగ్గికని గుంటూరు మిరపచేలకు మూటలు కట్టుకొని పోయేవారూ, కూలిపనులకు బెంగుళూరు పోయేవారూ, చదువులకని ఇల్లు విడిచే పిల్లలూ ఈ సీమలో ప్రతి ఊరిలోను ఉన్నారు. కాబట్టి రైలుప్రయాణమనేది ఇక్కడి యువకుడికి కవితాత్మకమైన ఊహ కాదు. మొదటిసారి ఇల్లు విడిచి, పరాయివాళ్ల చూపులకు గురి అయ్యే స్థలం అది. పెట్టెలో మనలను ఎవరు ఎట్లా చూస్తున్నారు, మనము ఎవరిని ఎట్లా చూస్తున్నాము అనే ప్రశ్నే ఈ రెండు కథలకూ ప్రాణం.

మొదట ‘గాలివాన’ సంగతి. పద్మరాజుగారు 1915లో పశ్చిమగోదావరి జిల్లా తిరుపతిపురంలో జన్మించారు. కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలలో సైన్సు బోధించిన అధ్యాపకులు. తరువాత చలనచిత్ర రచనకు వెళ్లారు. ‘న్యూయార్కు హెరాల్డు ట్రిబ్యూను’ పత్రిక నిర్వహించిన ప్రపంచ కథానికల పోటీలో 1952లో ‘గాలివాన’కు రెండవ బహుమతి లభించినది. తెలుగుకథ పేరు ఆనాడు దేశదేశాలలో వినబడినది. 1983లో పద్మరాజుగారు మరణించిన తరువాత, ఆ కథ పేరుతోనే వెలువడిన సంపుటికి 1985లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ప్రకటించినది. బహుమతి వచ్చినదని కథను గౌరవించేవారు చాలామంది. బహుమతి సంగతి మరచిపోయి చదివినప్పుడే దాని బలం తెలుస్తుంది.

ఈ కథ చదవబోయే నేటి విద్యార్థి ముందుగా ఒక విషయం తెలుసుకోవాలి. కథలో రావుగారు రెండవ తరగతి పెట్టెలో ప్రయాణం చేస్తారు. ఇప్పుడు రెండవ తరగతి అనగానే కిక్కిరిసిన జనరల్ పెట్టె మన కళ్లముందు మెదులుతుంది. ఆ ఊహతో చదివితే కథ తలక్రిందులవుతుంది. ఆ కాలంలో మన రైళ్లలో మొదటి తరగతి, రెండవ తరగతి, ఇంటరు, మూడవ తరగతి అని నాలుగు మెట్లు ఉండేవి. రెండవ తరగతి అంటే వకీళ్లు, ఉన్నతోద్యోగులు, భూస్వాములు ప్రయాణం చేసే మెత్తని సీట్ల పెట్టె. 1955లో పాత మొదటి తరగతిని ఎత్తివేసి, రెండవ తరగతికే మొదటి తరగతి అని పేరు పెట్టారు. 1974లో మూడవ తరగతి అనే పేరును తొలగించారు. అంటే రావుగారు కూర్చున్న సీటు సామాన్యుల సీటు కాదు. టిక్కెట్టు ధరతో లోకాన్ని కొంత దూరంగా ఉంచుకొన్నవారి సీటు. ఆ పెట్టెలోకి ఒక ముష్టి స్త్రీ ఎక్కినది. కథ అక్కడ మొదలవుతుంది.

రావుగారు చెడ్డవారు కారు. ఈ మాట గట్టిగా చెప్పుకోవాలి. ఆయన న్యాయవాది, వేదాంతం చదువుకొన్నవారు, నాలుగు సభలలో మాట్లాడగలవారు. ఆ ప్రయాణం కూడ ఉపన్యసించడానికే. ఇల్లు, భార్య, పిల్లలు, దినచర్య, ఆలోచన సమస్తమూ ఒక నియమం ప్రకారం నడవాలని ఆయన పట్టుదల. తన విలువలను తానే గీసుకొని, ఆ గీతలోపల ఏ లోటూ లేకుండ బ్రతికిన మనిషి. ఇట్టివారిని మన ఊళ్లలో కూడ పెద్దమనిషి అనే అంటాము. రచయిత ఆయనను వెక్కిరించడు. ఆ నియమజీవనంలోని హుందాతనాన్ని మనచేత ఒప్పించి, తరువాతనే దానిని పరీక్షకు పెడతాడు.

ముష్టి స్త్రీ అందరి దగ్గర అడుగుతుంది, నవ్వుతుంది, చొరవగా మాట్లాడుతుంది. ఇంకా వయసులో ఉన్న మనిషి. పెట్టెలో తక్కినవారు ఆమె మాటలకు కరిగి కాసులు వేసినా, రావుగారి మనస్సు కరగదు. ఆమె దైన్యం చూపినట్లయితే ఆయనకు కొంత సులువుగా ఉండేదేమో. దైన్యానికి ఇవ్వడమో మానడమో అలవాటైన విషయం. కాని ఆమెలో దైన్యం లేదు. బ్రతుకంటే భయం లేదు. ఆ నిర్భయమే ఆయనకు చికాకు కలిగిస్తుంది. ఈ సూక్ష్మం చదువరులు తరచు దాటిపోతారు. పేదవాడి మీద మనకు వచ్చే కోపం చాలాసార్లు వాడు అడిగినందుకు రాదు. తలవంచి అడగనందుకు వస్తుంది.

బయట గాలి ముదురుతుంది, వాన పెరుగుతుంది. రావుగారు దిగవలసిన స్టేషను వస్తుంది. అక్కడినుండి కథ రెండవ భాగం. రైలు వెళ్లిపోతుంది. చిన్న స్టేషను, చీకటి, తుఫాను. విశ్రాంతి గదిలో ఒంటరిగా రావుగారు. చెట్లు కూలుతున్నవి, కప్పులు కదులుతున్నవి. సమయానికి భోజనం, సమయానికి నిద్ర, ప్రతి ప్రశ్నకూ సిద్ధంగా సమాధానం ఉన్న మనిషికి, ఏ నియమానికీ లొంగని శక్తి మొదటిసారి ఎదురైనది. అటువంటి సమయంలో ఆ ముష్టి స్త్రీ కూడ ఆ గదిలోకి వచ్చి చేరుతుంది.

ఇప్పుడు ఇచ్చేవారెవరు, పుచ్చుకొనేవారెవరు అన్నది మారిపోతుంది. పెట్టెలో ఆమె అడిగినప్పుడు ఆయన ఇవ్వలేదు. ఇక్కడ ఆయన నోరు తెరిచి అడగకపోయినా ఆమె ఇస్తుంది: ధైర్యం, మాట, పొడిబట్ట కట్టుకొనేందుకు సాయం, పక్కన మరొక ప్రాణమున్నదనే ఊరట. ఆయన దగ్గర ఉన్న తినుబండారం ఇద్దరూ పంచుకొంటారు. తన బిడ్డల సంగతి, తన బ్రతుకు సంగతి ఆమె దాచకుండ చెబుతుంది. చివరకు చలికీ భయానికీ ఓర్వలేక ఆయన ఆమెను దగ్గరగా కూర్చోమంటాడు. ఒకరినొకరు పట్టుకొని ఆ రాత్రి గడుపుతారు. దానిలో కాముకత్వం వెదకేవారు కథను చదవలేదన్నమాటే. తుఫానులో మనిషికి మనిషి ఒంటివెచ్చదనం ఎంత అవసరమో, దానికి పేరు, హోదా, వేదాంతం ఎట్లా అడ్డురావో ఆ ఘట్టం చెబుతున్నది.

తెల్లవారుతుంది. ఆమె గదిలో లేదు. ఆయన పర్సు కూడ లేదు. వెదకుతూ వెళ్లిన ఆయనకు, గాలికి కూలిన టిక్కెట్టు గది దగ్గర ఆమె మృతదేహం కనబడుతుంది. ఆమె చేతిలో ఆయన పర్సు ఉన్నది. స్టేషను డబ్బు కూడ ఉన్నది. ఆయన ఆమెను దొంగ అనలేదు. పసివాడివలె ఏడ్చినాడు. లోకం ఆమెను గురించి చెడ్డగా అనుకోకూడదన్న బాధ ఆయనను పట్టుకొన్నది.

తరగతి గదులలో ఈ కథను చదివించి, చివర ఒక నీతి వ్రాయించడం కద్దు: “గర్వం కూడదు, పేదలపై దయ చూపవలెను.” ఇంతకంటె ఈ కథకు అన్యాయం చేయడం సాధ్యం కాదు. పద్మరాజుగారికి అంత చిన్న నీతి చాలుననుకుంటే, ఆ పర్సును ఆమె చేతిలో పెట్టవలసిన పని ఏమున్నది? ఆమెను సాధ్విగా, త్యాగమూర్తిగా చనిపోనిచ్చి ఉంటే పాఠకుడి కన్నీరు ఇంకా తేలికగా రాలేది. రచయిత ఆ తేలిక దారిని కావాలని వదిలిపెట్టాడు. ఆమె దొంగిలించినది నిజం. రాత్రంతా ఆయనకు తోడు నిలిచినది కూడ నిజం. ఈ రెండు నిజాలూ ఒకే మనిషిలో ఇమడగలవని రావుగారి నియమావళిలో ఎక్కడా లేదు. మంచివారు ఒక జాబితా, చెడ్డవారు మరొక జాబితా అనుకొన్న లెక్కను గాలివాన కొట్టుకొనిపోయినది. చివర ఆయన కన్నీరు దయ కాదు. దయకు పైనుండి క్రిందికి చూసే మెట్టు కావాలి. ఆ ఉదయం ఆయన ఆ మెట్టుమీద లేడు. ఆయనది ఋణపడినవాడి దుఃఖం.

ఇక్కడ చిప్పగిరి పాఠకుడికి ఒక సొంత సౌలభ్యమున్నది. కన్నడ హరిదాసులలో పేరెన్నికగన్న విజయదాసులు చివరి రోజులు గడిపినది ఈ ఊళ్లోనే. 1755లో ఆయన ఇక్కడనే దేహం చాలించారు. రాయచూరు సీమలోని చీకలపర్విలో పుట్టి, విజయవిఠల అంకితంతో పదాలు పాడి, ఇల్లిల్లు తిరిగి మధుకరం ఎత్తుకొని బ్రతికిన మహనీయుడాయన. ప్రతి ఏటా కార్తీక శుద్ధ దశమినాడు ఆయన ఆరాధన జరుగుతున్నది. అంటే, చాచిన చేతికి నమస్కరించడం తెలిసిన ఊరిది. అదే ఊరివాడు గుంతకల్లులో బండి ఎక్కి, కిటికీ పక్కన చోటు సంపాదించుకొని, తన ముందుకు వచ్చిన చేతిని చూసి ముఖం తిప్పుకొంటే, ఆ రెండు చేతుల మధ్య భేదమేమిటని తనను తాను ప్రశ్నించుకోవలసి ఉంటుంది. ఆ స్త్రీ విజయదాసులవంటిదని దీని అర్థం కాదు. భక్తి ముద్ర ఉంటే చాచిన చేతిని గౌరవిస్తాము, ముద్ర లేకపోతే తోసివేస్తాము. అంటే మనము చూసేది మనిషిని కాదు, ముద్రను మాత్రమే. రావుగారు పెట్టెలో చేసినదీ అదే.

తుఫాను ఎరుగని సీమకు తుఫాను కథ ఎట్లా పడుతుందని కొందరు అనవచ్చును. ‘గాలివాన’కు ఆ బహుమతి వచ్చిన మరుసటి ఏడు, 1953లో, ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లా నుండి విడివడి ఇటు వచ్చినవి. సముద్రం ఇక్కడికి బహుదూరం. ఇక్కడి భయం వానరాకను గురించి కాదు, వాన రాకపోవడాన్ని గురించి. అయినా మనిషిని నిలబెట్టే ఏర్పాట్లన్నీ ఒక్కరాత్రిలో ఊడిపోవడమంటే ఏమిటో కరువు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. గాలివానకు బదులు ఎండిన బావిని పెట్టుకొని చదివినా కథ చెదరదు.

ఇప్పుడు రెండవ కథ. అకుతగావా 1892లో టోక్యోలో జన్మించి, 1927లో ముప్పైఅయిదవ ఏట ఆత్మహత్య చేసుకొన్న రచయిత. ఆయన ‘రషోమోన్’ పేరు కురొసావా తీసిన 1950 నాటి చిత్రం ద్వారా ప్రపంచమంతటా తెలిసినది. చిన్నవయసులో ఆయన యొకోసుకాలోని నౌకాదళ ఇంజనీరింగు పాఠశాలలో ఆంగ్లం బోధించేవాడు. కామకురా నుండి రైలులో ఆ పాఠశాలకు పోయివచ్చేవాడు. 1919లో ప్రచురితమైన ‘మికాన్’ ఆ దారిలో నడిచే బండిలోనే జరుగుతుంది. కథ చాల చిన్నది. చదవడానికి పది నిమిషాలు పట్టదు.

శీతకాలపు సాయంకాలం. రెండవ తరగతి పెట్టెలో కథకుడు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మనసులో చెప్పలేని అలసట, విసుగు. బండి కదలబోతుండగా పదమూడు పధ్నాలుగేళ్ల పల్లెటూరి పిల్ల పరుగున వచ్చి ఎక్కుతుంది. చలికి పగిలిన చెంపలు, మాసిన ఉన్ని మఫ్లరు, ఒడిలో పెద్ద మూట. కమిలిన చేతిలో బిగించి పట్టుకొన్న ఎర్ర టిక్కెట్టు మూడవ తరగతిది. జపానులో కూడ ఆనాడు మూడు తరగతులుండేవి. ఆమె ఎక్కవలసిన పెట్టె అది కాదు. ఆ తేడా కూడ తెలియని ఆమె మోటుతనం కథకుడికి అసహ్యం పుట్టిస్తుంది. ఆమెను మరచిపోవడానికి వార్తాపత్రిక విప్పుతాడు. పత్రికలో సంధి చర్చలు, పెండ్లిళ్లు, లంచాల వ్యవహారం, మరణవార్తలు. ఆ పిల్ల, ఆ పత్రిక, ఆ సొరంగం అన్నీ కలిసి జీవితమంతా ఇట్లా అర్థం లేనిదేనని ఆయనకు తోస్తుంది.

ఇంతలో ఆ పిల్ల ఆయన పక్కకు వచ్చి కిటికీ తలుపు ఎత్తడానికి తంటాలు పడుతుంది. సొరంగం వస్తున్నప్పుడు కిటికీ తెరిచే మూర్ఖురాలు ఎవరైనా ఉంటారా? తలుపు తెరుచుకొంటుంది, నల్లని పొగ పెట్టెనిండా క్రమ్ముతుంది. దగ్గుతో ఉక్కిరిబిక్కిరి అయిన కథకుడు ఆమెను కసిరేవాడే. అప్పుడే బండి సొరంగం దాటుతుంది. పేదల ఇళ్ల మధ్య ఒక రైలుగేటు. గేటు దగ్గర ఎర్రని చెంపల చిన్నపిల్లలు ముగ్గురు చేతులెత్తి అరుస్తున్నారు. ఆ పిల్ల కిటికీలోనుంచి సగం బయటికి వంగి చేయి విసురుతుంది. ఎండరంగు కమలాపండ్లు అయిదో ఆరో ఆకాశంనుంచి ఆ పిల్లలమీద రాలుతవి. కథకుడికి ఒక్క క్షణంలో సమస్తమూ బోధపడుతుంది. ఎవరింటనో పనికి కుదురుకోవడానికి ఊరు విడిచిపోతున్న అక్క, తనను సాగనంపడానికి గేటుదాకా వచ్చిన తమ్ముళ్లకు దాచి తెచ్చిన పండ్లు ఇస్తున్నది. బండి సాగిపోతుంది. ఆ పిల్ల మళ్లీ తన చోటులో కూర్చుంటుంది. కథకుడు ఇప్పుడు ఆమెను వేరే మనిషిని చూసినట్లు చూస్తాడు.

ఇంటికి పెద్దపిల్ల పనికై రైలెక్కడం, చిన్నవారు ఊళ్లోనే ఉండిపోవడం. ఆదోని, ఆలూరు పల్లెలలో ఎవరికి తెలియని సంగతి? యొకోసుకా పేరు వినని యువకుడు కూడ ఆ గేటును గుర్తుపడతాడు. మన పిల్లలు సుగ్గికి పోయేటప్పుడు వారి మూటలు, వారి మాట, వారు తప్పు పెట్టెలో ఎక్కడం పక్కవారికి చికాకు కలిగించవచ్చు. ఆ మూటలో ఎవరికోసం ఏమున్నదో పక్కవారు ఎరుగరు.

ఈ రెండు కథలను పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక ఆశ్చర్యం కలిగిస్తుంది. రెంటిలోను రెండవ తరగతి పెట్టె. రెంటిలోను చదువుకొన్న పురుషుడు. రెంటిలోను ఆ పెట్టెలో ఉండవలసిన హక్కు లేని ఒక స్త్రీ. రెంటిలోను మొదటి తీర్పు చూపుతోనే వెలువడుతుంది, తరువాత అది తప్పని తేలుతుంది. ఆ స్త్రీలకు పేర్లు లేవు. తాము ఎదుటివాడి లోకాన్ని మార్చినామని వారికి తెలియదు. వారు మార్చాలని పూనుకోలేదు కూడ. ఒకరు బ్రతకడానికి, ఒకరు తమ్ముళ్లకు పండ్లు ఇవ్వడానికి తమకు తోచినది చేశారు.

భేదాలు కూడ గమనించదగినవి. జపాను కథలో మార్పుకు ఒక నిమిషం చాలినది. తెలుగు కథలో ఒక రాత్రి, ఒక తుఫాను, ఒక మరణం కావలసి వచ్చినవి. ఆ కథకుడు యువకుడు. అతనికున్నది విసుగే గాని సిద్ధాంతం కాదు. విసుగును ఒక పండు చెదరగొట్టగలదు. రావుగారిది నలుగురూ మెచ్చిన జీవితంమీద కట్టిన కోట. దానిని కదిలించడానికి గాలివానే రావాలి. వయసు ముదిరే కొద్దీ మన తీర్పులు ఎంత గట్టిపడతాయో ఈ తేడా చెబుతున్నది. యువకులు ఈ కథలను ముందుగా చదవవలసిన అవసరం అక్కడనే ఉన్నది. నిమిషంలో మారగలిగిన వయసులో మారకపోతే, తరువాత తుఫాను దాకా ఆగవలసి వస్తుంది. ప్రతివానికీ తుఫాను రాదు. వచ్చినా, ఋణం తీర్చుకొనేందుకు అవతలి మనిషి బ్రతికి ఉండకపోవచ్చు.

మరొక భేదం. అకుతగావా తన కథకుడిని కథ చివర కొంచెం ఊరడిస్తాడు: ఆ అలసటను, ఆ విసుగును అతడు కొద్దిసేపు మరచిపోగలిగాడు. పద్మరాజుగారు ఆపాటి ఊరట కూడ సులభంగా ఇవ్వడు. రావుగారు ఇంటికి తిరిగి వెళ్లి ఎట్లా బ్రతికారు? పిల్లలతో ముందటికంటె చనువుగా ఉన్నారా? మళ్లీ వేదిక ఎక్కి ఉపన్యసించారా? కథ చెప్పదు. ఈ మౌనం లోపం కాదు. మార్పు నిలుస్తుందా అన్నది కథలో తేలే విషయం కాదు, బ్రతుకులో తేలే విషయం.

ఇక ఈ కథలను పదిమంది కలిసి చదవడానికి ఒక పద్ధతి సూచిస్తాను. రేడియోకు కథ చదివినప్పుడు చెవి పట్టుకొనే సంగతులను కన్ను చాలాసార్లు దాటిపోతుంది. కాబట్టి ఒకరు పైకి చదవాలి, తక్కినవారు పుస్తకం మూసి వినాలి. ‘గాలివాన’ను మూడుచోట్ల ఆపాలి. రైలుపెట్టె ఘట్టం ముగిసినప్పుడు మొదటిసారి ఆపి, రావుగారి గురించి ఒక్కొక్కరు ఒక్కొక్క వాక్యం వ్రాయాలి. ముష్టి స్త్రీని గురించి మరొక వాక్యం. తుఫాను రాత్రి నిద్రపట్టినచోట రెండవసారి ఆపి, మళ్లీ రెండు వాక్యాలు. తెల్లవారి పర్సు కనబడినచోట మూడవసారి. చివర ఆ ఆరు వాక్యాలను వరుసగా చదువుకొంటే, తీర్పులు మార్చుకొన్నది రావుగారు ఒక్కరే కాదని ప్రతివారికీ తెలుస్తుంది. తుఫాను రాత్రి ఆమెను దేవత అని వ్రాసి, తెల్లవారి దొంగ అని కొట్టివేసినవారు తప్పక కొందరుంటారు. వారికి కథ మరింత బాగా అర్థమవుతుంది. ఎందుచేతనంటే రావుగారు అక్కడ ఆ మాట కొట్టివేయలేదు.

‘మికాన్’ను ఆపనక్కరలేదు. ఒక్కసారిగా చదివి, తరువాత ఒకే ప్రశ్న అడగాలి: ఆ సొరంగం తరువాత గేటు లేకపోయినట్లయితే, ఆ పండ్లు కథకుడి కంట పడకపోయినట్లయితే, ఆ పిల్ల అతనికి చివరివరకు ఏమి అయి ఉండేది? మోటు పిల్లగానే ఉండేది. పండ్లు మాత్రం ఆమె ఒడిలో అప్పుడూ ఉండేవి. మనము రోజూ ప్రయాణం చేసే పెట్టెలలో ఎన్నో గేట్లు మనకు కనబడకుండనే దాటిపోతున్నవి. అన్నీ కనబడవలెనని కోరడం అత్యాశ. కనబడనంతమాత్రాన మూటలో ఏమీ లేదని తేల్చివేయకపోవడం మాత్రం ఎవరికైనా సాధ్యమే.

తరగతుల పేర్లు మారినవి, పొగబండ్లు పోయి విద్యుత్తు బండ్లు వచ్చినవి. గుంతకల్లు ప్లాటుఫారం మీద మూటతో నిలుచున్న పిల్ల, టిక్కెట్టు చూసుకొని తన పెట్టె ఎక్కడున్నదని అడిగే కుర్రవాడు ఈనాటికీ ఉన్నారు. చిప్పగిరి నుండి బయలుదేరే యువకుడు ఒకనాడు ఆ మూట పట్టుకొన్నవాడు కావచ్చు. పదేళ్ల తరువాత, చదువూ ఉద్యోగమూ వచ్చి, కిటికీ పక్కన మెత్తని సీటులో కూర్చున్నవాడు కావచ్చు. మొదటి స్థితిలో ఈ కథలు అతనికి ధైర్యమిస్తవి: నిన్ను చూసి ముఖం చిట్లించినవాడికి నీ సంగతి ఏమీ తెలియదని. రెండవ స్థితిలో ఇవే కథలు అతనిని హెచ్చరిస్తవి: ఎదుట కూర్చున్నవారి సంగతి నీకూ ఏమీ తెలియదని.